రెండు గొంతుల పాట

మనవరాలి గొంతు బొంగురు పోయిందని నేను మొదట గమనించింది ఒక శుక్రవారం. పెరుగు అడిగినప్పుడు మాట చివర గాలి మాత్రమే వచ్చింది. ఆ రోజు తేదీ రాసుకున్నాను. ముప్పై ఒక్క సంవత్సరాలు హైస్కూల్లో లెక్కలు చెప్పిన దాన్ని. హాజరు వేయకుండా నాకు రోజు గడవదు.

మా అమ్మాయి కూతురు అది. తల్లిదండ్రులు నాతవరంలో ఉంటారు. పిల్ల డిగ్రీ చదువు కోసం అనకాపల్లిలో నా దగ్గర ఉంటోంది. ఏడాది నుంచి దాని చెవుల్లో ఒకటే బ్యాండు. నార్వే వాళ్లది. ఆ సంగీతాన్ని గోతిక్ డూమ్ మెటల్ అంటారట. గిటార్లు చాలా నెమ్మదిగా, బరువుగా నడుస్తాయి. దాని మీద ఒక ఆడమనిషి సన్నగా, తేటగా పాడుతుంది. మధ్యలో ఒక గర్జన వస్తుంది.

అర్థం కాని దాన్ని చూస్తే నాకు భయం. అందుకని పిల్లని కూర్చోబెట్టి ఆ బ్యాండు చరిత్రంతా చెప్పించుకుని, ఒక పాత హాజరు పట్టీలో గళ్లు గీసి రాసుకున్నాను. ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు వెళ్లారు, ఏ రికార్డులో ఎవరు ఏం వాయించారు. తొంభైల్లో సముద్రం పక్కన ఒక ఊళ్లో కుర్రవాళ్లు మొదలుపెట్టారు. ఏడు రికార్డులు చేశారు. నడిమధ్యలో చీకటి పాటలు వదిలేసి యంత్రాల మోతతో పాటలు కట్టారు. మొదటి గాయని పోయి వేరే ఆవిడ వచ్చింది. మళ్లీ పాత చీకటికే తిరిగి వచ్చి, కొన్నాళ్లకి బ్యాండు మూసేశారు.

"పాతికేళ్లు దాటిన పాటలు నీకెందుకే?" అని అడిగాను.

"నీకు పాతిక లెక్కేటి అమ్మమ్మా, నువ్వు వినేవన్నీ నేను పుట్టకముందువే కదా" అంది.

విశాఖపట్నంలో అలాంటి బ్యాండు ఒకటి కొత్తగా కడుతున్నారట. అందులో చేరాలంటే వచ్చే నెలాఖరు ఆదివారం వాళ్లకి పాడి వినిపించాలి. దానికోసం పిల్ల రోజూ పెరట్లో, నీళ్ల ట్యాంకు వెనక నిలబడి సాధన మొదలుపెట్టింది. సన్నటి పాటా తనే పాడేది, గర్జనా తనే చేసేది.

మొదటి మంగళవారం, అంటే నేను తేదీ రాసుకున్న శుక్రవారానికి మూడు రోజుల ముందు, మా పక్కింటావిడ ఆ గర్జన విని, చెంబెడు పసుపు నీళ్లు, వేపమండ పట్టుకుని గోడ పక్క గుమ్మంలోంచి పరుగెత్తుకుని వచ్చింది. మా పేటలో నూకాలమ్మ జాతరలో పూనకం వచ్చిన ఆడవాళ్ల గొంతు అలాగే ఉంటుంది. నిజం చెప్పాలంటే మొదటిసారి విన్నప్పుడు నేను కూడా అదే అనుకున్నాను.

"టీచరమ్మా, పిల్లకి అమ్మోరు పూనీసింది. నువ్వు కుర్సీలో కూకుని సూత్తన్నావేటి?" అని నన్ను కసిరి, పిల్ల పాదాల మీద నీళ్లు పోసి, "తల్లీ, ఏటి కావాల నీకు? సెప్పు" అంది.

పిల్ల నన్ను చూసింది. నేను కుర్చీలోంచి లేవలేదు. అది ఆ నార్వే పాటలోని చరణమే మళ్లీ గర్జించింది.

"ఏ బాసమ్మా అది?" అని నన్నడిగింది ఆవిడ. జవాబు కోసం ఆగకుండా, "బాస తెలకపోతే ఏటి, కోపం తెల్తంది" అని దండం పెట్టుకుని వెళ్లింది.

అప్పుడే చెప్పేయాల్సింది. నాకు తుంటి ఎముక విరిగినప్పుడు నలభై మూడు రోజులు నాకు వండి పెట్టిన మనిషి ఆవిడ. నీ భక్తి తప్పు చోట పడిందని ఆవిడ ముఖం మీద అనలేకపోయాను.

రెండో మంగళవారం సబ్బవరం నుంచి చెల్లెల్ని తీసుకువచ్చింది. పొలంలో బోరు వేయించాలా వద్దా అని అమ్మోరిని అడగడానికి. పిల్ల గర్జించి తల ఊపింది. మూడో మంగళవారం ఆరుగురు వచ్చారు.

"వాళ్లకి చెప్పేద్దామా?" అన్నాను పిల్లతో.

"ఊరుకో అమ్మమ్మా. ఎదురుగా జనం ఉంటే ప్రాక్టీసు బాగా అవుతంది" అని నవ్వింది పిల్ల. ఆ నవ్వులో శబ్దం లేదు. నేను తేదీ రాసుకున్న పేజీ తెరిచి చూశాను. గొంతు బొంగురు పోయి అప్పటికి పదకొండు రోజులు.

పద్దెనిమిదో రోజున, మంగళవారం పొద్దున్నే, మాట పూర్తిగా పోయింది. పిల్ల నోరు తెరిచి నన్ను పిలవబోయింది. ఏమీ రాలేదు. దాని కళ్లు పెద్దవయ్యాయి. ఆటోలో గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా నా చెయ్యి వదల్లేదు.

స్వరతంతువుల మీద వాపు ఉందన్నాడు డాక్టరు. మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు, మాట్లాడితే గొంతు ఇలాగే ఉండిపోవచ్చు అన్నాడు. నేను వేళ్ల మీద లెక్క వేశాను. మూడు వారాలు పూర్తయ్యేది విశాఖపట్నం వెళ్లాల్సిన ఆదివారం తరవాత రెండు రోజులకి.

ఇంటికి రాగానే పక్కింటికి వెళ్లి అంతా చెప్పాను. అది అమ్మోరు కాదు, నార్వే వాళ్ల పాట అని.

"అమ్మోరు కాదా? మా సెల్లి బోరు ఏయించీసింది."

"నీళ్లు పడ్డాయా?"

"పడ్డాయి."

"సంతోషం. అయినా అది పాటే."

"బోరు సంగతి వదిలీ. పిల్ల గొంతు సెడిపోతందని తెలిసి కూడా నాకు సెప్పలేదేటి టీచరమ్మా? మంగళారాలు లెక్కెట్టుకున్నావు గానీ నోరు ఇప్పలేదు. నేను అరిపించుంటానేటి పిల్లని?"

నేను లేచి ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం చరిత్ర రాసుకున్న పట్టీ మళ్లీ చూశాను. పాడినవారి గడిలో ఏడు రికార్డులకీ రెండేసి పేర్లు ఉన్నాయి. ఒకటి ఆడమనిషిది, ఒకటి మగమనిషిది. ఆ రెండు పనులూ ఒక్క గొంతు మీద ఎప్పుడూ పడలేదు. పైగా మూడో రికార్డు నాటికి ఆ మగమనిషి కూడా గర్జన వదిలేసి, మామూలు గొంతుతో మాట్లాడినట్టు పాడాడు. ఎందుకో పిల్ల నాకు చెప్పలేదు. ఊహించి రాయడం నాకు అలవాటు లేదు. ఆ గడులు పిల్లకి చూపించాను. అది చాలాసేపు చూసి, నేను కొనిచ్చిన పలక మీద, "నాకు ఇక్కడ రెండో మనిషి ఎవరున్నారు?" అని రాసింది.

గర్జించడానికి వేరే మనిషిని చూసుకోమనీ, సన్నటి గొంతుకి తనని రెండు రోజులు ఆగి వినమనీ ఆ రాత్రే విశాఖపట్నం బ్యాండు వాళ్లకి ఫోనులో రాసింది. జవాబు మర్నాడు వచ్చింది. గర్జించే కుర్రవాడు దొరికాడట. సన్నటి గొంతుకి ఇంకో ఇద్దరు అమ్మాయిలు ఆదివారమే వస్తున్నారట. వస్తే ఆదివారమే రావాలి, తరవాత కుదరదు అని.

ఆ ఆదివారానికి ముందు శనివారం నాటికి పిల్లకి కాస్త గొంతు వస్తున్నట్టుంది. నిద్రలో దగ్గినప్పుడు ఆ దగ్గులో శబ్దం ఉంది. అది తనకీ తెలుసు. పలక నా ముందుకి తోసింది. "రెండు రోజులే కదా తేడా. ఒక్క పాటే. వెళ్లనా?"

మూడు మంగళవారాలు ఊరుకున్న మనిషిని. ఆ రెండు రోజుల్లో గొంతు ఏమవుతుందో డాక్టరే చెప్పలేడు, నేనెలా చెప్తాను? ఏమీ కాకపోవచ్చు. అప్పుడు దాని కోరికకి అడ్డుపడిన దాన్ని నేనే అవుతాను.

"వద్దు. వెళ్లకు" అన్నాను.

పిల్ల పలక తుడిచేసింది. ఫోను తీసుకుని, రాలేనని వాళ్లకి రాసింది. రాసింది నాకు చూపించి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆదివారమంతా నాతో పలక మీద కూడా మాట్లాడలేదు.