కడిగి ఇచ్చిన కారు

పిడుగురాళ్లలో సున్నం బట్టీలకు పోయే రోడ్డు మీద ఆరోగ్యస్వామి షెడ్డు ఉంది. ముప్ఫై ఏళ్లు లారీలు బాగుచేసి, యాభై దాటాక స్కానర్ కొని, ఫోన్లో వీడియోలు చూసి, కార్లలో లోపం చెప్పే కోడ్‌లు చదవడం నేర్చుకున్నాడు. పని అయ్యాక ప్రతి బండినీ పంపు పెట్టి బానెట్ లోపల కూడా కడిగేవాడు. ఈ ఊళ్లో ఏ బండైనా సున్నం దుమ్ముకు సాయంత్రానికి తెల్లబడుతుంది. తెల్లగా వచ్చిన దాన్ని తెల్లగానే తిరిగి ఇవ్వడం అతనికి నామోషీ.

కిందటేడు రాజేశ్వరి కారు వచ్చింది. భర్త పోయాక డ్రైవింగ్ నేర్చుకుని, నలుగురు టీచరమ్మలను రోజూ గురజాల వైపు ఒక పల్లె బడికి దించి తెచ్చేది. ఆ కిరాయి మీదే ఇల్లు నడిచేది. కారు దారి మధ్యలో దమ్ము పోయి, ఎంత తొక్కినా పాకడమే. స్కానర్ పెడితే, ఇంజనుకు గాలి వదిలే థ్రాటిల్ నుంచి వోల్టేజీ అందడం లేదని కోడ్ చూపించింది. థ్రాటిల్ మార్చాడు. డాష్‌బోర్డు మీద వెలిగే హెచ్చరిక లైటు ఆరింది. కడిగి ఇచ్చాడు. నాలుగో రోజు లైటు మళ్లీ వెలిగింది. ఈసారి పెడల్ సెన్సర్ మార్చి, కడిగి ఇచ్చాడు. మళ్లీ వెలిగింది. కారు కంప్యూటర్ పెట్టెనే గుంటూరు పంపితే అందులో ఏ లోపమూ లేదన్నారు. దాన్ని బిగించి, కడిగి ఇచ్చాడు.

మళ్లీ వెలిగింది.

ఫోన్లో మొహం చూపించి వేసే హాజరు టీచరమ్మలకు రెండుసార్లు తప్పింది. సోమవారం కూడా ఆగితే వేరే కారు చూసుకుంటామని చెప్పేశారు.

ఆ ఆదివారం ఆరోగ్యస్వామి చర్చికి వెళ్లలేదు. షెడ్డు ముందు నేను రోజూ పేపరు చదువుకునే బెంచీ మీదే ఉన్నాను. స్కానర్ తీగ పీకడం, పెట్టడం, అదే కోడ్ చూడడం. మధ్యాహ్నమైనా అన్నం క్యారేజీ మూత తియ్యలేదు. రాజేశ్వరి పాత టైరు మీద కూర్చుని చూస్తోంది.

"చేతగాకపోతే చెప్పన్నా," అంది చివరికి. "ఇంకోళ్ల కాళ్లు పట్టుకుంటా."

అతను స్కానర్ కింద పెట్టాడు. "నేనిచ్చినాక ఎన్నాళ్లకొస్తందమ్మా లైటు?" అని అడిగాడు.

"మూడు రోజులు, నాలుగు. నువ్వు కడిగిన నిగనిగ పోకముందే వస్తంది."

ఆరోగ్యస్వామి తల తిప్పి గోడవారన ఉన్న పంపును చూశాడు. థ్రాటిల్‌కు తీగలు కలిపే సాకెట్ ఊడదీసి టార్చి వేశాడు. మూడుసార్లు పీకి పెట్టిన సాకెట్టే. లోపలికి ఎన్నడూ చూడలేదు. అంచు రబ్బరు చిట్లి ఉంది. పిన్నుల చుట్టూ తెల్లటి పెచ్చు గట్టిపడి ఉంది. గోటితో గీశాడు. చిన్నప్పుడు తల్లి వెంట బట్టీకి పోయి సున్నం నానబెట్టినవాడు. నీళ్లు తగిలితే ఆ దుమ్ము గట్టిపడి పిన్నులకు కరెంటు అందనివ్వదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు; పీకి పెట్టినప్పుడల్లా పెచ్చు కాస్త రాలేది, కడిగాక మళ్లీ కట్టేది.

సాకెట్ పట్టుకుని ఆమె ముందుకొచ్చాడు.

"చెడగొట్టింది నేనేనమ్మా. కడిగి చెడగొట్టా."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."

ఆమె కోప్పడితే బాగుండునని నాకనిపించింది. కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ టైరు మీదే కూర్చుంది.

కొత్త రబ్బరుతో కొత్త సాకెట్ వేసేసరికి పొద్దు వాలింది. అలవాటు కొద్దీ పంపు పైపు అందుకుని, వదిలేశాడు. ఇట్లాగే తీసుకుపొమ్మని, ఇంజను మీద నీళ్లు పడనీయొద్దని చెప్పాడు. నిలువెల్లా తెల్లగా ఉన్న కారు ఎక్కి, ఆమె వెళ్లిపోయింది.

సోమవారం నుంచి పొద్దున్నే, రాజేశ్వరి కారు బడికి పోయే ఎనిమిదింటికి, పని వదిలేసి రోడ్డు మీదికొచ్చేవాడు. గురువారం నాడు, నాలుగో రోజు, గంట ముందే వచ్చి నిలబడ్డాడు. కారు వచ్చింది. సున్నం కొట్టిన గోడలా ఉంది. లోపల నలుగురు టీచరమ్మలూ ఉన్నారు. అతను చెయ్యెత్తాడు. రాజేశ్వరి వేగం తగ్గించలేదు, హారన్ కొట్టలేదు.

కారు మళ్లీ ఆగలేదు. ఆ షెడ్డుకు కూడా మళ్లీ రాలేదు; సర్వీసుకు నరసరావుపేట తీసుకుపోతోందట. బండి కడగవేందని గిరాకీలు అడిగితే కడగనంటాడు, ఎందుకో చెప్పడు. ఎనిమిదింటికి మాత్రం చేతిలో పానా కింద పెట్టి రోడ్డు వైపు చూస్తాడు.