నీళ్ళు ముందు తానే తాగి చూసిన పెద్దమ్మ

ఈ పొద్దున మీరు తాగిన నీళ్ళు మీకంటే ముందు ఎవరు తాగి చూశారు? గ్లాసు కింద పెట్టి, ఆలోచించి చెప్పండి.

మా లైనులో ఆ పని మా పెద్దమ్మ చేసేది. మా అమ్మకు అక్క. ఈ బెంగాల్లో, లిలువా రైల్వే వర్క్‌షాపు గోడ వెనక తెలుగు లైనులో పుట్టిన పిల్లలందరికీ పెద్దమ్మే. పక్క సందు బెంగాలీలకు మాషీమా. పోయిన వారం హాస్పిటల్లో కన్నుమూసింది. వయసు మీదపడి పోయిందని అనుకుంటున్నవాళ్ళకు చెబుతున్నాను, మన కొళాయి నీళ్ళు తాగి పోయింది. ఈ మాట కొంచెం మెల్లగా చెప్పమని సంఘ పెద్దలన్నారు. నాకు మెల్లగా చెప్పడం రాదని మీకు తెలుసు.

మన చర్చిలో ప్రేమ విందు వండితే మొదటి ముద్ద ఎవరిదో కూడా మీకు తెలుసు. గుండిగ దించగానే కొంచెం అరచేతిలో వేసుకుని పెద్దమ్మ నాలిక మీద పెట్టుకునేది. ఆమె తలూపేదాకా పాస్టరుగారికైనా విస్తరి పడేది కాదు. కొన్నేళ్ళ కిందట కొళాయిలో బురద నీళ్ళు వచ్చి లైనంతా పచ్చకామెర్లు తిరిగినప్పుడు, ఆ పద్ధతినే ఆమె కొళాయి దగ్గరికి తెచ్చింది. పొద్దున్నే నీళ్ళు వదలగానే దోసిలి పట్టి, వాసన చూసి, కాసేపు పుక్కిట పట్టి, మింగేది. అందరూ బిందెలు పట్టుకుని ఆమె మొహంకేసి చూస్తూ నిలబడేవారు. బాగుంటే "పట్టండర్రా" అనేది. బాగులేకపోతే తన బిందె కొళాయి కింద బోర్లించి దాని మీదే కూర్చునేది. ఆమెను లేపి నీళ్ళు పట్టుకునే మగాడు మా లైనులో పుట్టలేదు.

"లెగు పెద్దమ్మా, నాకు డ్యూటీకి లేటయిపోతంది" అని ఒకామె గోల పెట్టింది ఓ రోజు.

"ఎల్లు. నీళ్ళు పట్టకుండా ఎల్లు. సాయంత్రం కడుపు పట్టుకోకుండా ఇంటికొస్తావు."

"నువ్వేటి, డాక్టరువా?"

"కాదే, రుచి సూసీదాన్ని. మా కోడలు వండిన పులుసు తిని బతికున్నాను, నాకీ నీళ్ళొక లెక్కా?"

వరసలోనే ఉన్న కోడలు అందరికంటే గట్టిగా నవ్వింది. "అత్తా, రేపట్నుంచి నువ్వే వండు" అంది.

నన్నూ వదిలేది కాదు. నేను ఏ కాలేజీలోనూ దైవజ్ఞానం చదవలేదు. వర్క్‌షాపులో ఫిట్టరు పని చేసుకుంటూ, టిఫిను వేళల్లో వాక్యం చదువుకుంటూ ప్రసంగం చెప్పడం నేర్చుకున్నవాణ్ణి. ఒక ఆదివారం అగ్నిగుండం గురించి చెప్పి బయటికొస్తే, చెప్పులేసుకుంటూ అంది: "ఒరే, నరకం గురించి సెప్తే అందరూ ఏడుస్తారు. కాలవ గురించి సెప్పు, ఒక్కడు కదలడు. నరకం సచ్చాక గదరా! కాలవ గుమ్మంలోనే ఉంది."

నిజంగానే గుమ్మంలో ఉంది. మన మంచినీళ్ళ గొట్టం మురికి కాలువలోంచే పోతుంది. గొట్టం బాగుచేయడానికొచ్చిన బెంగాలీ మిస్త్రీ ఒకసారి మాకు చూపించాడు. నీళ్ళు వదిలినంతసేపూ గొట్టం నిండుగా ఉంటుంది కాబట్టి బయటి మురికి లోపలికి రాదట. కట్టేశాక గొట్టం ఖాళీ అయి, అతుకుల దగ్గర చీలికల్లోంచి కాలువ నీళ్ళు పీల్చుకుంటుందట. ఇది విన్న రోజే పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు బయల్దేరింది.

ఒక ఆఫీసులో గొట్టం మాదే కానీ కాలువ మాది కాదన్నారు. కాలువ ఆఫీసుకు పోతే, కాలువ మాదే కానీ అందులోంచి గొట్టం తియ్యడం మా పని కాదన్నారు. మళ్ళీ మొదటి ఆఫీసుకే వచ్చాం. పెద్దమ్మకు వచ్చిన బెంగాలీ కొంచెమే. అది చాలింది. "పైప్ తులబే నా, డ్రేన్ సరాబే నా, తొబె జల్‌టా కార్, దాదా?" అంది. గొట్టం మీరు తియ్యరు, కాలువ వాళ్ళు జరపరు, మరి నీళ్ళెవరివి బాబూ అని. ఆ దాదా నవ్వాడు. మంచివాడే, కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. పెద్దమ్మ టీ ముట్టుకోలేదు. "ఈ నీళ్ళు నాను సూణ్ణేదు" అంది.

ఆ తరవాత ఎన్నిసార్లు వెళ్ళామో! ప్రతిసారీ కుర్చీ వేశారు. గొట్టం మాత్రం కాలువలోనే ఉంది.

ఇక ఆ పొద్దు గురించి చెప్పాలి. రాత్రంతా వాన. కాలువ పొంగి గట్టు మీదికి వచ్చి తగ్గింది. కొళాయిలో నీళ్ళు మాత్రం అద్దంలా వచ్చాయి. వరసలో నేనూ ఉన్నాను. పెద్దమ్మ వాసన చూసింది. పుక్కిట పట్టింది. మింగింది. మళ్ళీ ఒక దోసిలి తాగింది. "ఇయ్యాల తియ్యగున్నాయి. పట్టండర్రా, నిండా పట్టండి" అంది.

సాయంత్రానికి ఇంటికొకరు పడ్డారు. వాంతులు, విరేచనాలు. దోసిళ్ళతో తాగిన మనిషి అందరికంటే ముందు పడింది.

ఎడారిలో చేదు నీళ్ళ దగ్గర జనం సణిగారని వాక్యంలో చదువుకుంటాం. ఇప్పుడనిపిస్తోంది, ఆ చేదే నయం. చేదైతే నోటికి తెలిసిపోతుంది. మన నీళ్ళు తియ్యగా ఉండి చంపాయి. ఈ జబ్బు తెచ్చే క్రిమికి రంగూ వాసనా రుచీ ఏవీ ఉండవని హాస్పిటల్లో డాక్టరమ్మ చెప్పింది. ఇన్నేళ్ళూ పెద్దమ్మ ఆపింది బురదను మాత్రమే. అది ఆమెకూ తెలియదు, మనకూ తెలియదు.

ఆఖరికి గొంతు పీల్చుకుపోయి మాట రావడం కష్టమైంది. నా చెయ్యి పట్టుకుని, "నా నాలిక మోసం సేసిందిరా. నానే పట్టమన్నాను" అంది. అదే వార్డులో మూలమంచం మీద పక్క సందు బెంగాలీ పిల్ల ఉంది. ఆ మంచం వైపే చూస్తూ పోయింది. ఆ పిల్లకు ఇంకా సెలైను ఎక్కుతూనే ఉంది.

సమాధి దగ్గర ఎవరో "ప్రభువు పిలిచాడు" అన్నారు. ప్రభువు పిలిస్తే నేను తలవంచుతాను. కాలువలో గొట్టం వేసింది ప్రభువు కాదు. దాన్ని తియ్యకుండా వదిలేసిందీ ప్రభువు కాదు. మనుషులు చేసిన పాపం ఆయన ఖాతాలో వెయ్యకండి. ఒక ముసలమ్మ నాలికను అడ్డం పెట్టుకుని ఊరు బతకాల్సి రావడం ఏ దేవుడి చిత్తం?

తరవాత ఏం జరిగిందో వినండి. కొళాయి ప్రమాదకరమని ఆఫీసువాళ్ళకు ఇప్పుడు తెలిసింది! అందుకని కొళాయే పీకేస్తారట. దాని చోట ఒక ప్రైవేటు మనిషి మిషను పెడతాడు, కార్డు గీకితే నీళ్ళు వస్తాయి. కార్డులో డబ్బుల్లేనివాడి సంగతి వాళ్ళు అంటించిన కాగితంలో లేదు. కాలువ సంగతీ లేదు. తండ్రి తవ్వించిన బావులను పగవాళ్ళు మట్టిపోసి పూడ్చితే, కొడుకు పోయి వాటినే మళ్ళీ తవ్వించాడని పరిశుద్ధ గ్రంథంలో ఉంది. బావి పాడైతే బావిని బాగుచెయ్యాలి. మన ఆఫీసువాళ్ళు బావిని పూడ్చి నీళ్ళు అమ్ముతామంటున్నారు.

మీలో కొందరు ఇప్పటికే జార్లు కొనుక్కుంటున్నారు, మాకెందుకీ గోల అనుకుంటున్నారు. ఆ జారు ఏ గొట్టం దగ్గర నింపారో ఎప్పుడైనా అడిగారా? మీ ఇంటి మురుగు ఎవరి గుమ్మం ముందు నుంచి పోతోందో చూశారా?

మనం అడగాల్సింది దయ కాదు, రూలు. మంచినీళ్ళ గొట్టం మురుగులోంచి పోకూడదని రూలు కావాలి. నీళ్ళను సర్కారే వారంవారం పరీక్ష చేయించి, ఫలితం బెంగాలీలో, హిందీలో, తెలుగులో కొళాయి పక్కన అంటించాలి. గొట్టానికీ కాలువకూ కలిపి ఒక్క ఆఫీసే జవాబు చెప్పాలి. గొట్టం పనీ కాలువ పనీ ఊరివిగానే ఉండాలి. ఎవరికీ అమ్మకూడదు. నాకు చట్టాలు చదవడం రాదు. వచ్చినవాళ్ళు మన సంఘంలో ఉన్నారు, బ్యాంకుల్లో, న్యూ టౌన్ ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. తమ్ముళ్ళూ, ప్రార్థనలో మీ స్వరం చాలాసార్లు విన్నాను. ఆఫీసులో ఒక్కసారి వినిపించండి.

కొళాయి పీకడం మీద అభ్యంతరాలు వినడానికి ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రం ఆఫీసు మూసేదాకా వింటారు. ఈ కాగితాన్ని పెద్దమ్మ స్మారక కూడికకు వచ్చిన మీ అందరి చేతుల్లో అందుకే పెట్టాను. తెలుగు చదవలేని పిల్లలకు చదివి వినిపించండి, వాళ్ళనూ తీసుకురండి.

ఈ పొద్దున కొళాయి వదిలినప్పుడు ఎవరూ ముందుకు రాలేదు. నీళ్ళు ధారగా పోతున్నాయి, బిందెలన్నీ ఖాళీగా ఉన్నాయి. అప్పుడు కడుపుతో ఉన్న ఒక అమ్మాయి వరసలోంచి వచ్చి, కొంగు బిగించి, దోసిలి పట్టింది. "ఎవరో ఒకరు సూడాల గదన్నా" అంది. నేను ఆమె మణికట్టు పట్టుకుని ఆపాను. నీళ్ళు ఆమె వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.

రేపు కూడా కొళాయి వదులుతారు. రేపు కూడా ఆమెకు దాహం వేస్తుంది. లేవండి, ఆమేన్ అన్నాక ఇళ్ళకు పోకండి. నాతో ఇప్పుడే ఆఫీసుకు నడవండి.