కూకట్‌పల్లి మెస్సులో పథ్యం

ఆ రోజుల్లో మాదాపూర్‌లో తినడానికి ఏం దొరుకుతుందని ఎవరైనా అడిగితే, రాళ్ళు దొరుకుతాయని చెప్పేదాన్ని. కొత్తగా కట్టిన గుండ్రటి భవనం ఒక్కటి అద్దాలతో మెరుస్తూ ఉండేది. దాని చుట్టూ బండలు, ముళ్ళపొదలు, సగం వేసిన రోడ్లు. మా ఆయన ఆఫీసు అందులోనే. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం అయిపోతే ఉప్మాతో సరిపెట్టుకోవాలి, లేదంటే ఇరానీ హోటల్ వెతుక్కుని చాయ్‌లో బిస్కెట్లు ముంచుకోవాలి. మేం కాకినాడ వాళ్ళం. ఏ సందులో బజ్జీలు బాగుంటాయో, ఏ హోటల్లో పెసరట్టు పల్చగా వేస్తారో తగువులాడుకునేంత తిండి పిచ్చి మాది. ఇక్కడ తగువుకు కూడా దిక్కు లేదు.

అంత తిండి పిచ్చిదాన్ని, ఆ ఎండాకాలం అన్నం మానేశాను.

నెలలు నిండాక మా బిడ్డ కడుపులోనే పోయింది. ఆపరేషన్ చేసి తీశారు. నాకు మత్తు వదిలేసరికి అంతా అయిపోయింది. ఆడపిల్ల అని చెప్పారు, అంతే. చూపించలేదు. చూస్తే బెంగ పెట్టుకుంటుందని పెద్దవాళ్ళందరూ కలిసి తేల్చేశారట. నా బిడ్డను నాకు చూపించాలా వద్దా అని నన్ను తప్ప అందరినీ అడిగారు. అమ్మ నా మంచం పక్కనే ఉండిపోయింది. పాపను చూసిందీ, ఎత్తుకుని తీసుకెళ్ళిందీ మా ఆయన ఒక్కరే.

ఎలా ఉందని అడిగితే ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేవారు. అమ్మను అడిగితే "మర్చిపోవే తల్లీ" అనేది. ఏం చూశానని మర్చిపోను? కళ్ళు మూసుకుంటే క్యాలెండర్ల మీద ఉండే బొద్దు పాపల ముఖాలు వచ్చేవి. ఎవరి పిల్లలో వాళ్ళు.

ఇది చాలదన్నట్టు, అమ్మ ఊరి నుంచి మోసుకొచ్చిన సీసాలు విప్పింది. వెల్లుల్లి కారం, ధనియాల కారం, బాలింతలకు పెట్టే కాయం. వేడన్నంలో నెయ్యి పోసి, కారం కలిపి, పళ్ళెం నా ముందు పెట్టేది.

"ఎవరి కోసమమ్మా ఈ పథ్యం?" అన్నాను.

"బిడ్డ లేకపోయినా ఒళ్ళు బాలింత ఒళ్ళేనే. ఇప్పుడు తినకపోతే రేపు నడుం నిలబడదు."

అమ్మ చెప్పింది నిజమే. కానీ ఆ వెల్లుల్లి వాసన వస్తే చాలు, నన్నెవరో వెక్కిరిస్తున్నట్టు ఉండేది. ఒకసారి పళ్ళెం విసిరికొట్టాను. గోడకు అంటుకున్న మెతుకులన్నీ అమ్మ ఏరి తుడిచింది, ఒక్క మాట అనలేదు. అననందుకు నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఏం చెయ్యాలో తోచక మా ఆయన ఆఫీసు వ్యాను డ్రైవర్‌తో చెప్పుకున్నారు. అతనిది మెదక్ వైపు. "మేడం ఇంట్ల తింటలేరా? జర కూకట్‌పల్లి దిక్కు తీస్కపోన్రి సార్. మీ దిక్కోళ్ళ మెస్సులన్నీ ఆడనే ఉన్నయి. ఫికర్ చెయ్యకున్రి, ఊరి కూర నోట్ల పడితే వాళ్ళే తింటరు" అన్నాడట.

మేముండేది శేరిలింగంపల్లిలో. అంత దూరం స్కూటర్ మీద అనేసరికి అమ్మ గోల పెట్టింది. నెల దాటినా తన దృష్టిలో నేను పచ్చి బాలింతనే. గాలి సోకకూడదని చెవుల్లో దూది కూరి, తలకు స్కార్ఫ్ బిగించి కడితే గానీ గుమ్మం దాటనివ్వలేదు. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడు పగలగొడుతోంది. నా అవతారం చూసి దారిలో జనం నవ్వుకునే ఉంటారు. నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకున్నాను.

మెస్సంటే ఒక ఇంటి ముందుగది. నాలుగు బల్లలు, విస్తరాకులు, గడగడలాడే ఫ్యాను. నడిపే పెద్దావిడది మా వైపే, మాట వినగానే తెలిసిపోయింది. పప్పు గిన్నెతో మా దగ్గరకు వచ్చిన మనిషి నా చెవుల్లో దూది చూసింది. తలకు కట్టిన స్కార్ఫ్ చూసింది. ఆవిడ మొహం చాటంత అయింది.

"అయ్యో, బాలింతరాలివా! ఉండమ్మా, ఈ కూరలేవీ నువ్వు తినకూడదు" అంటూ లోపలికి పరిగెత్తింది.

మేం తేరుకునేలోపే వేడన్నం, వెల్లుల్లి కారం, కరిగిన నెయ్యి నా ఆకులో పడ్డాయి. ఏ పథ్యం నుంచి పారిపోయి వచ్చానో అదే. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డాను.

"బాబా, పాపా?" అని అడిగింది.

ఆయన ఏదో చెప్పబోయారు. నేనే ముందు "పాపండి" అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు మరి.

"మహాలక్ష్మి పుట్టింది! ఇంట్లో మీ అమ్మగారున్నారా?"

"ఉందండి."

"అయితే ఫరవాలేదు, నిదానంగా తిను. ఇంతకీ ఎవరి పోలికమ్మా?"

నా చెయ్యి అన్నంలో ఆగిపోయింది. కన్నతల్లిని. నాకు తెలియదని ఏ నోటితో చెప్పను? ఆవిడ నెయ్యి గిన్నె పట్టుకుని నవ్వుతూ నిలబడే ఉంది.

"వాళ్ళమ్మ పోలికేనండి" అన్నారు మా ఆయన.

తలెత్తి చూశాను. ఆయన నన్ను గానీ, ఆవిడను గానీ చూడటం లేదు. తన ఆకులోకి చూస్తున్నారు.

"జుట్టొక్కటే నాది. ఒత్తుగా, నుదుటి మీదకు పడుతూ ఉంది. ముక్కు, పెదాలు అన్నీ వాళ్ళమ్మవే. గడ్డం మీద చిన్న నొక్కుంది." ఆకు అంచు వేలితో సర్దారు. "వేళ్ళు బాగా పొడుగండి."

"మా తల్లే! సాయంత్రం దిష్టి తీయించండి" అని ఆవిడ నా ఆకులో మరికాస్త నెయ్యి పోసి, పక్క బల్ల దగ్గరకు వెళ్ళింది.

ఆయన కళ్ళ నీళ్ళు అన్నంలో పడుతున్నాయి. తుడుచుకోలేదు. లేచి వెళ్ళిపోతారేమోనని నాకు భయం వేసింది. వెళ్ళలేదు.

"కళ్ళు?" అని మెల్లగా అడిగాను.

"తెరవలేదుగా" అన్నారు.

నేను ఆ వెల్లుల్లి అన్నం కలుపుకున్నాను. ఏడుస్తూనే, ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాను.