పదహారు గొర్రెలు మొరిగిన రోజు

నా వయసుకూ, నా ఉద్యోగానికీ తగని పని ఒకటి చేసినా. పట్టపగలు, ప్రొద్దుటూరు–జమ్మలమడుగు రోడ్డు మీద, బయాలజీ టీచరై ఉండి కుక్కల్ని గొర్రెలని చెప్పినా. నవ్వేది తరువాత నవ్వొచ్చు, ముందు టీ తాగతా వినండి.

మా కుక్కల షెల్టరు మీకు తెల్సు కదా. నేనూ ఖాదరన్నా కలిసి నడుపుతాండాము. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనాడు. లారీ తగిలినవి, కాలు విరిగినవి, ముసలివైనాయని ఇంట్లోవాళ్లు ఇడిసిపెట్టినవి, అన్నీ మా కాడికే వస్తాయి. ఊరి బయట ఒక పాత నూనె మిల్లు షెడ్డు బాడుగకు తీసుకున్నాము. దాని ఓనరు పెద్దోబుల రెడ్డి పులివెందులలో కూతురి దగ్గర ఉంటాడు. షెడ్డు పక్కనే ఆయన శనక్కాయ చేను. పది కుక్కలకు మించకూడదని అగ్రిమెంటులో రాయించినాడు.

ఇప్పుడు ఇరవై ఆరు ఉండాయి. ఏం చేస్తాం, కుక్క కుంటుకుంటా గేటు కాడికొస్తే దానికి అగ్రిమెంటు చదివి వినిపిస్తామా?

పోయిన నెల రెడ్డన్న ఫోన్ చేసినాడు. ఎవరో వ్యాపారి పత్తి మూటలు పెట్టుకోనీకి షెడ్డు అడుగుతాండాడంట, బాడుగ ఒకటిన్నర రెట్లు ఇస్తానన్నాడంట. మీరూ అంత ఇస్తే ఉండండి, లేదంటే ఖాళీ చేయాల అన్నాడు. ఆదివారం వచ్చి అన్నీ చూసుకొని మాట్లాడతానన్నాడు. అంత బాడుగ మేం యాడ తెచ్చేది? బతిమాలదాం అనుకున్నా. కానీ పది ఉండాల్సిన చోట ఇరవై ఆరు కనపడితే ఇంక బతిమాలే మొగం యాడిది?

నిజం చెప్పేద్దాం టీచర్ అన్నాడు ఖాదరన్న. నేను వింటే కదా. జమ్మలమడుగులో మా చిన్నమ్మ కూతురికి చుట్టూ గోడ కట్టిన ఖాళీ స్థలం ఉంది. పదహారింటిని ఆ పూటకు ఆడ పెడదాం, రెడ్డన్న పోయినాక తెచ్చుకుందాం అన్నా. ఆయన పులివెందుల నుంచి వేంపల్లె, ఎర్రగుంట్ల మీదగా వస్తాడు, మనం ఇంకో దిక్కు పోతాము, ఎదురుపడేదే లేదని కాగితం మీద దారి గీసి మరీ చూపించినా.

ఆదివారం చర్చి ఎగ్గొట్టి, ఖాదరన్న అల్లుడి ట్రాలీ ఆటోలో పదహారింటిని ఎక్కించి, పైన టార్పాలిన్ కట్టినాము. ఖాదరన్న స్టీరింగు కాడ, పక్కన నేను. మా వీపుల వెనక అద్దం ఎప్పుడో పగిలిపోతే దాని బదులు అట్ట పెట్టినారు.

సగం దూరం పోయినాక ఎవరో పెద్దాయన రోడ్డు పక్కన చెయ్యి ఊపతా కనపడినాడు. పక్కన పంచరైన మోటారు సైకిలు. ఎండలో ముసలాయన, పాపం అని ఖాదరన్న బ్రేకు వేసినాడు. ఆపొద్దు అనేలోపే బండి ఆగింది. ఆయన రెడ్డన్న. అగ్రిమెంటు సంగతులన్నీ నేనే చూసుకుంటా కాబట్టి ఖాదరన్న ఆయన్ని ఎప్పుడూ చూసింది లేదు.

రెడ్డన్న ముందురోజే జమ్మలమడుగులో పెళ్లికి వచ్చినాడంట. ఆడ్నుంచి మా షెడ్డుకే వస్తాండాడు. నన్ను చూసి శానా సంతోషపడినాడు. దేవుడు పంపించినట్టు వచ్చినావు టీచరమ్మా అని, మోటారు సైకిలు ఆడనే తాళం వేసి, నన్ను జరగమని ఎక్కి కూర్చున్నాడు. చేసేదేముంది, బండి వెనక్కి తిప్పినాము. నేను గీసిన దారి కాగితం నా చేతిసంచిలోనే ఉండాది.

కొంచెం దూరం పోయినాక వెనక ఏముందని అడిగినాడు.

"గొర్రెలు" అన్నా. ఎందుకన్నానో ఇప్పటికీ తెల్దు.

ఖాదరన్న నా పక్క చూసి, మళ్లీ రోడ్డు చూసినాడు. అప్పుడే వెనక నుంచి ఒకటి గట్టిగా మొరిగింది. గొర్రెకు దగ్గొచ్చినట్టుంది అన్నా. ఇంకో నాలుగింటికి కూడా దగ్గొచ్చింది. రెడ్డన్న వెనకాల అట్ట మెల్లగా కదిలి కింద పడింది. ఆ సందులోంచి మా గోధుమరంగు రాజు మూతి బయటికి పెట్టి, ఆయన చెవి మొదలు మెడ దాకా ఒక్కసారి నాకింది.

రెడ్డన్న తువ్వాలు తీసి నిదానంగా తుడుచుకున్నాడు.

"టీచరమ్మా, నేను పుట్టి పెరిగింది గొర్రెల మధ్యనే" అన్నాడు.

అప్పుడన్నా నిజం చెప్పొచ్చు కదా. చెప్పలేదు. కుక్కలే కానీ మావి కాదు, జమ్మలమడుగులో ఒకాయన తోటకు కావలి కోసం తోలుతాండాము అన్నా. రెడ్డన్న అయ్యో అన్నాడు. ఆ అయ్యో ఎందుకో నాకు అర్థం కాలేదు.

షెడ్డు కాడ అర్థమైంది. లోపల మిగిలిన పది కుక్కల్ని చూసినాడు. ఒకదానికి కండ్లు కనపడవు, రెండింటికి మూడే కాళ్లు, మిగతావి నిద్రపోతాండాయి. రెడ్డన్న గడప మీద కూలబడి చెప్పుకొచ్చినాడు. చుట్టుపక్కల చేన్లన్నీ అడవి పందులు తవ్వి పోసినాయంట, ఆయన శనక్కాయ చేను ఒక్కటే బాగుందంట. మా కుక్కల మొరుగుడుకు భయపడే పందులు రాలేదేమో, అట్లయితే పాత బాడుగకే వీళ్లను పెట్టుకుందాం అనుకొని వచ్చినాడంట. "ఈ పదింటిని చూస్తే పిల్లి కూడా భయపడదు. షెడ్డు పత్తాయనకే ఇస్తా టీచరమ్మా, ఏమనుకోవద్దు" అన్నాడు.

బండిలో ఉండేవి కూడా మావే రెడ్డన్నా అన్నా.

ఆయన నవ్వినాడు. "గొర్రెలన్నావు. తరువాత ఎవరివో కుక్కలన్నావు. ఇప్పుడు మావే అంటాండావు. మూడోదాన్ని నేనెట్ల నమ్మేది?"

ఖాదరన్న పోయి బండి వెనక తలుపు తీసినాడు. పదహారూ దూకినాయి. పొద్దున్నుంచి బిగబట్టుకొని ఉండాయేమో, ముందు గోడ వెంబడి వాటి పని కానిచ్చినాయి. తరువాత లోపలికి వచ్చి, ఒకదాన్ని ఒకటి తోసుకోకుండా, దేని గోనెపట్టా మీద అది పోయి పండుకున్నాయి. రాజు ఒక్కటే పోలేదు, రెడ్డన్న కాళ్ల మీద తల పెట్టింది. ఆయన ఒక చేత్తో దాని తల నిమరతా, ఇంకో చేత్తో వేలు చూపిస్తా అన్నిటినీ లెక్కపెట్టినాడు.

పాత బాడుగే ఖాయమైంది. ఖాదరన్న తెచ్చిన టీ ముగ్గురమూ ఆ గడప మీదనే కూర్చొని తాగినాము. నాకు ఏడుపొస్తాండాది, నవ్వొస్తాండాది. రెడ్డన్న మటుకు తెలివిగా కొత్త అగ్రిమెంటులో ఒక ముక్క మార్చినాడు. ఇరవై ఐదుకు తగ్గకూడదంట.

ఈ వారం వేంపల్లె నుంచి ఒక మంచి కుటుంబం వచ్చి మూడు కుక్కపిల్లల్ని పెంచుకుంటామని తీసుకుపోయినారు. సంతోషంతో ఫొటోలు దిగి, గేటు దాకా సాగనంపి వచ్చినాక గుర్తొచ్చింది, ఇంక ఇరవై మూడే. ఎల్లుండి రెడ్డన్న వస్తాడు.

అందుకే ఈ పొద్దు మటన్ అంగళ్ల కాడ బిస్కెట్ ప్యాకెట్టు పట్టుకొని, ఏ రోగమూ లేని ఒక బలిసిన కుక్క వెంట రా నాయనా, రా నాయనా అంటా అరగంట తిరిగినా. అది బిస్కెట్లన్నీ తిని దాని దారిన అది పోయింది. మా పదో తరగతి పిల్లోని నాయన అంగడిలో నుంచి చూస్తాండాడు. "ఏంది టీచర్, మీ కుక్క తప్పిపోయిందా?" అన్నాడు.

"లేదప్పా, రెండు తక్కువ పడినాయి" అన్నా.