కల్లంలో నీలం పట్టాలు

ఆ ఏడాది రాష్ట్ర బడ్జెట్ రోజున నన్ను సత్తెనపల్లి దగ్గర ఒక మిర్చి కల్లానికి వేశారు. అప్పట్లో నేను ఓ వార్తా చానెల్లో స్టాఫ్ రిపోర్టర్‌ని. ముప్పై మూడేళ్లకే ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను. మా ఇంట్లో దాన్ని ఉద్యోగం మానేయడం అంటారు.

బడ్జెట్ రోజున అసెంబ్లీలో ఆర్థిక మంత్రి చదువుతుంటారు. స్టూడియోలో నిపుణులు అంకెలు విడదీస్తుంటారు. వాళ్లు అలిసిపోయినప్పుడు చూపించడానికి జిల్లాకో రైతు, చెవిలో ఇయర్‌ఫోన్‌తో సిద్ధంగా ఉండాలి. మా జిల్లా రైతు మస్తాన్ వలీ. ఆయన కాయలు కల్లం నిండా ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పక్కనే మడతపెట్టిన నీలం టార్పాలిన్ పట్టాలు. ఫ్రేములో ఆ నీలం నా కంట్లో నలుసులా పడింది. తీయించమన్నాను. ఆయన భార్య కరీమా వాటిని మోసుకెళ్లి గట్టు అవతల రేకుల షెడ్డులో పెట్టొచ్చింది. "మీ టీవీకి నీలం పడదా అబ్బాయ్?" అని మాత్రం అడిగింది.

స్టూడియో నుంచి మమ్మల్ని నడిపే డెస్కువాళ్లు "రెండు నిమిషాల్లో నీకొస్తాం" అన్నారు, పదకొండున్నరకి. పన్నెండున్నరకీ అదే మాట. ఈలోపు పడమట మబ్బు పట్టింది. తడిస్తే కాయ రంగు పోతుంది, ఏడాది పంట తాలుకాయ కింద జమ. మస్తాన్ ఆకాశం కేసి చూస్తున్నాడు. నేను కెమెరా కేసి చూడమంటున్నాను.

"బాబూ, ఆ రెండు నిమిషాలు ఎవరి గడియారంలో?" అన్నాడాయన, చాలా మర్యాదగా.

మొదటి చినుకు లెన్సు మీదే పడింది. నేను షెడ్డుకి పరిగెత్తాను. మా కెమెరామన్ కెమెరాని స్టాండు మీదే వదిలేసి నా వెనకే వచ్చాడు. పట్టాలు తెచ్చి నలుగురం పరుస్తుండగా డెస్కు లైవ్‌లో మాకొచ్చింది. మస్తాన్ చొక్కాకి మైకు అలాగే ఉంది. బడ్జెట్‌పై మీ స్పందనేమిటని యాంకర్ అడిగింది.

"ఏమే, ఆ కొస వదిలెయ్, నేను లాగుతా! నీ నడుం జాగర్త!"

"నా నడుం సంగతి సరే, ముందు చెవిలో ఆ తీగ తీసెయ్యవయ్యా, కాలికి తగులుకుని పడతావ్!"

రాష్ట్రమంతా విన్న రైతు స్పందన అదీ.

మిరప ఘాటుకి నా కళ్లు ధారగా కారాయి. 'రైతు కష్టం చూసి కన్నీళ్లు పెట్టుకున్న రిపోర్టర్' అని తెర కింద వేశారట. మర్నాడు అందుకు అభినందన, కెమెరా వదిలేసినందుకు మెమో, రెండూ ఒకే మెయిల్లో వచ్చాయి.

ఓ మూల రెండు తట్టల కాయ తడిసింది. తప్పు నాదేనని చెప్పాను. కరీమా కళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లిచ్చి, మజ్జిగన్నం పెట్టింది. "తడిసింది ఇంట్లోకి వాడుకుంటాంలే. తిను" అంది. మస్తాన్ ఆమె కొంగుకంటిన మిరపగింజలు దులుపుతూ, మంత్రిగారు చదవడం అయిందా అని నన్నడిగాడు. నాకు తెలియదన్నాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఫ్రేములో అడ్డొచ్చిన వస్తువు తీయించే ముందు అదక్కడ ఎందుకుందో అడిగాను. చాలాసార్లు కెమెరానే జరపాల్సి వచ్చింది.