గిన్నెలత్త బొటనవేలు

గిన్నెలత్త నోరంటే ఆ వీధిలో అందరికీ హడలే. హోటల్ వెనక గదిలో ముప్పై ఏళ్లుగా మాడిన గిన్నెలు తోమీ తోమీ ఆమె వేళ్ల మీది గీతలు కూడా అరిగిపోయాయి. జీతం నెలనెలా బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. అక్కడి మిషన్ మాత్రం ఆమె వేలిని గుర్తుపట్టక నాలుగు నెలలుగా పైసా రాల్చడం లేదు.

ఆ ఉదయం సర్వే ఉద్యోగి ఒకడు ట్యాబ్ పట్టుకుని ఆమె ఇంటి గుమ్మంలోకి వచ్చాడు. ఎంతమందికి బ్యాంకు సేవ అందిందో లెక్క తేల్చడం అతని పని.

"ఖాతా ఉందామ్మా?"

"ఉండి ఏం లాభం? డబ్బు చేతికి రాదుగా!"

"ఆ ప్రశ్న ఇందులో లేదమ్మా. ఖాతా ఉంటే అందినట్టే," అని టిక్కు పెట్టి, "ఇక్కడ వేలిముద్ర వెయ్యి," అన్నాడు.

మూడుసార్లు వేసింది. మూడుసార్లూ ట్యాబ్ ఒప్పుకోలేదు.

అతను విసుక్కుని తన బొటనవేలే నొక్కేశాడు. ఎవరిదో ఒక ముద్ర పడితే చాలు దానికి, పచ్చగా వెలిగింది.

"అయిపోయిందమ్మా. నువ్వు లెక్కలోకి వచ్చేశావ్."

గిన్నెలత్త లోపలికెళ్లి, కూరలు తరిగే కత్తి తెచ్చి అతని ముందు పెట్టింది.

"నా పేరుకి నీ వేలు సరిపోయిందిగా! అది ఇక్కడ కోసిచ్చి పో. రేపు బ్యాంకుకి పట్టుకెళ్తా."