ముక్కు లారీకి కప్పిన కంబళి

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. (యాభై దాటాక నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు మీకు ఈ అవస్థ.) చదువు రానివాడికి అణకువ ఎక్కువని మీరనుకుంటే పొరపాటు. నాకు తెలియని సంగతి ఒకటుందంటే నమ్మేవాణ్ని కాదు. హోసూరులో లారీ సీట్లు కుట్టే షెడ్డులో మూడేళ్లుగా కొబ్బరి పీచు దులిపి సీట్లలో కూరడమే నా పని. మిషన్ మీద కూర్చుని కుట్టాలని ఆశ. ఈ పీచు దుమ్ముకు తుమ్ముతూనే ముసలివాణ్నయిపోతానని దిగులు.

అప్పుడొచ్చింది ఆ ముక్కు లారీ, ఇంజను ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలం బండి. దాని యజమానిని మీసాలాయన అనేవాళ్లం. అది ఆయన నాయన తోలిన మొదటి బండి. రాయకోట చింతపండు మోసీ మోసీ ఇంటి వెనక మూలబడింది. దాన్ని పాత రూపానికి తెచ్చి, ఆయుధపూజనాడు నాయనను ఎక్కించుకుని ఊరు తిప్పుతానని ఆయన మొక్కుకున్నాడు. ఇంజను బాగయింది, రంగు పడింది. క్యాబిన్ పైకప్పు మాత్రం మిగిలింది. చెక్క పట్టీల మీద పాత గుడ్డ చివికిపోయింది. దాని బదులు ఏది పరచాలో తేలదు.

మా మేస్త్రి మూడు రకాలు చూపించాడు. “రేకేస్తే మా నాయన నెత్తి మాడిపోతాది” అన్నాడు మీసాలాయన. రెక్సిన్ చూసి, “సినిమా హాలు కుర్చీ మాదిరి ఉందప్పా” అన్నాడు. గుడారం గుడ్డ కారుతుందని భయం. పదిరోజులు ఇదే పాట. పండగ ముందు మేస్త్రికి కృష్ణగిరిలో పని పడింది. “గుడారం గుడ్డే ఏసి రెండుసార్లు పెయింటు కొట్టు. బండి తడవకుండా ఊరు తిరిగొస్తే నిన్ను మిషన్ మీద కూర్చోబెడతా” అని నాకు చెప్పి వెళ్లాడు.

చెప్పింది చేస్తే నేను నేనెందుకవుతాను? మాది ఉద్దనపల్లి దగ్గర గొర్రెల కాపర్ల ఇల్లు. “కంబళి ఏద్దామప్పా” అన్నాను మీసాలాయనతో. “మా తాత వానలో గొర్రెలు కాసినాడు. ఒక్క చుక్క ఒంటికి తగల్లా.”

“నిజమేనా?”

“కావాలంటే మా తాతనే అడగండి.” (తాత పోయి అప్పటికి ఎనిమిదేళ్లు.)

మా అమ్మ దాచుకున్న కొత్త కంబళి తెచ్చి, బిగువుగా ఉండాలని మా ఇంటి పద్ధతిలో చింతగింజల గంజి పట్టించి, చుట్టూ మేకులు కొట్టాను. చెంబెడు నీళ్లు పోస్తే జారిపోయాయి. మీసాలాయన నా భుజం తట్టాడు.

పండగనాడు ఆయన తోలుతుంటే పక్కన వాళ్ల నాయన పెద్దాయన, ఫుట్‌బోర్డు మీద నేను. బస్టాండు దగ్గర వాన పట్టుకుంది. నేను ఇంకా మెడ నిక్కించాను. పావుగంటకు కంబళి నీళ్లు తాగి పట్టీల మధ్య సంచుల్లా దిగింది. గంజి కరిగి మీసాలాయన తెల్ల చొక్కా మీదికి ధారకట్టింది. లారీ కిందనే పడితే బాగుండుననిపించింది.

పెద్దాయన ముక్కు ఎగరేసి, “మన బండిలో గొర్రెలు తోలినారా?” అన్నాడు.

“లేదు నాయనా.”

“మళ్లా ఈ వాసన యాడిది?”

మీసాలాయన చేత్తో చొక్కా మీది గంజి తుడుచుకున్నాడు. నా వైపు చూసిన చూపు చాలు. పెద్దాయన పైకి చూసి, “లారీకెందుకప్పా కంబళి? పీకి నాకియ్యి” అన్నాడు. బండి ఆగగానే వానలో పైకెక్కి, నేను కొట్టిన మేకులు నేనే ఊడబీకాను. పెద్దాయన దాన్ని గట్టిగా విదిలించి, ఒక మూల మడిచి, గొర్రెల కాపరిలా నెత్తి మీదినుంచి కొంగడి వేసుకున్నాడు. పైన వట్టి పట్టీలు, కింద మేమిద్దరం ముద్ద, ఆయన మాత్రం పొడిగా ఊరంతా తిరిగాడు.

షెడ్డు దగ్గర మేస్త్రి ఎదురుచూస్తున్నాడు. “తడిసిందా?”

“పెద్దాయన తడవలేదన్నా.”

“మనిషి మీద వాలు ఉంటాది, నీళ్లు జారిపోతాయి. లారీ నెత్తి చదరం కదరా” అన్నాడు మేస్త్రి, తిట్టకుండా. తిట్టినా బాగుండేది. మిషన్ దక్కడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

తరువాత చాలా బండ్లకు పైకప్పులు వేశాను. ప్రతిసారీ నీళ్లు పోసి చూశాను, మళ్లీ పోసి చూశాను, అయినా ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. షెడ్డు నుంచి బస్టాండు దాకా ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ ఆ కుర్రవాడికి ఉన్నంత నమ్మకం నాకు మళ్లీ దేనిమీదా కుదరలేదు. వాణ్ని తలచుకుంటే సిగ్గుగానే ఉంటుంది. కొంచెం అసూయగా కూడా ఉంటుంది.